పది పైసల కార్డు

పోస్టుకార్డు 10 పైసలకు దొరికిన రోజుల ముచ్చట చెప్తా, విను బిడ్డా. నెగడు ఇప్పుడే అంటుకుంది, కట్టెలు కూడా చాలానే ఉన్నాయి. ఆ ఫోను కాసేపు బోర్లించు. మధ్యలో కునుకు తీశావంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతా, ముందే చెప్తున్నా.

1971 నాటి మాట. అప్పుడు నేను హనుమకొండలో పోస్టాఫీసు గుమాస్తాను. జాలీ కిటికీకి ఇవతల నేను, అవతల ఊరు. ఒక చాయ్ మానుకుంటే ఒక కార్డు వచ్చేది. ఆ ఏడాది చివర్లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసమని ఉత్తరాల మీద ఇంకో 5 పైసల బిళ్ళ అంటించమని సర్కారు ఉత్తర్వు తెచ్చింది. ఆ 5 పైసల కోసం నా కిటికీ ముందు ఎన్ని పంచాయితీలు జరిగాయో! ఆనాటి కార్డుకి మర్యాదలు కూడా ఉండేవి. శుభకార్యమైతే నాలుగు మూలలా పసుపు రాసి పంపేవాళ్ళు. చావు కబురైతే నిలబడ్డ చోటే చదివి, చింపి, గడప బయటే పారేసేవాళ్ళు. చదువు రాని ముసలమ్మలు నా చేతే రాయించుకునేవాళ్ళు. మేమంతా క్షేమం, మీరంతా క్షేమమని తలుస్తాం, మేకకి రెండు పిల్లలు పుట్టాయి, చిన్నోడికి జ్వరం తగ్గింది అంటూ సాగి సాగి, అసలు సంగతి వచ్చేసరికి కార్డు అయిపోయేది. దాన్ని అడ్రసు పక్కన అడ్డంగా ఇరికించాల్సి వచ్చేది. కోడలిని పంపమనే మాట ఎప్పుడూ ఆ అడ్డం గీతలోనే ఉండేది.

సరే, ముసలమ్మల సంగతి పక్కన పెడదాం. ఆ ఏడు హైదరాబాదులో ముగ్గురు కవుల్ని పట్టుకుని ముషీరాబాదు జైల్లో పెట్టారు. జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు. ముందస్తు నిర్బంధ చట్టమని ఒకటుండేది, జనం పీడీ చట్టం అనేవాళ్ళు. ఆ చట్టం కింద నువ్వు ఏదైనా చేసి ఉండనక్కర్లేదు, చేస్తావేమోనని అనుమానముంటే చాలు, లోపలేస్తారు. ముషీరాబాదు జైలెక్కడుందని అడుగుతావేమో, ఇప్పుడు వెతకకు, దొరకదు. దాన్ని పడగొట్టి అక్కడే గాంధీ ఆసుపత్రి కట్టారు. మన వరంగల్ సెంట్రల్ జైలుకీ అదే గతి పట్టింది, 2021లో నేలమట్టం చేసి ఆసుపత్రికిచ్చారు. ఒకప్పుడు ములాఖాతు కోసం జనం నిలబడ్డ చోట ఇప్పుడు ఓపీ చీటీ కోసం నిలబడుతున్నారు.

ఆ ముగ్గురూ దిగంబర కవులు. దిగంబరులంటే బట్టల్లేకుండా తిరిగేవాళ్ళు కాదురా, అలా నవ్వకు. ఉన్నదున్నట్టు, ఏ ముసుగూ లేకుండా రాస్తామని పెట్టుకున్న పేరది. మొత్తం ఆరుగురు. అందరూ మారుపేర్లే. 1965 మే నెలలో హైదరాబాదులో అర్ధరాత్రి పూట వాళ్ళ మొదటి సంపుటాన్ని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మంత్రుల్నీ జమీందార్లనీ పిలిచి శాలువాలు కప్పించుకునే కాలమది. పెద్దలకు కడుపు మండిపోయింది. ఆ పుస్తకాల్లో బూతులున్నాయని ఒకరు, అసలది కవిత్వమే కాదని ఒకరు తిట్టిపోశారు. తిట్టినవాళ్ళందరూ కొని చదివే తిట్టారు, అది వేరే సంగతి. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు వీళ్ళలో నలుగురు అందులో చేరారు. శ్రీశ్రీ అధ్యక్షుడు. ఆ తర్వాత ఏడాదికే అరెస్టులు.

మా వీధిలో ఒక తెలుగు సారు ఉండేవారు. హైస్కూల్లో పండితులు. పంచెకట్టు, భుజాన ఉత్తరీయం, నోరు తెరిస్తే పద్యం. యతి తప్పితే అన్నం సహించేది కాదాయనకి. దిగంబర కవుల పేరెత్తితే చాలు, చెవులు మూసుకునేవారు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే నా కిటికీ దగ్గరికొచ్చి కార్డులు కట్టగా ఇమ్మన్నారు. ఇంట్లో పెళ్ళేమో అనుకున్నా.

"ఎవరికి సారూ ఇన్ని కార్డులు?" అన్నాను.

"ముఖ్యమంత్రికి. ఆ ముగ్గురు పిల్లల్ని వదిలిపెట్టమని."

"వాళ్ళ కవిత్వం మీకు గిట్టదు కదా!"

"గిట్టదు. ఆ మాట వాళ్ళ మొహం మీద అనాలంటే వాళ్ళు బయట ఉండాలి కదోయ్."

యాభై ఏళ్ళు దాటినా ఆ మాట నాకు చెవుల్లోనే ఉంది. జైల్లో ఉన్న రచయిత కోసం నోరు విప్పాలంటే వాడు మనవాడై ఉండాలనుకుంటాం. మన కులమో, మన పార్టీయో, మన జిల్లానో, పోనీ మనకి నచ్చిన కవిత్వం రాసినవాడో. సారుకి అదేమీ అక్కర్లేకపోయింది. రాసిన దానికి జవాబు రాయాలి, తిట్టాలంటే తిట్టాలి, అంతేగాని తాళం వెయ్యకూడదు. ఆయన లెక్క అదే.

సాయంత్రం బడి వదలగానే సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. తిరుగుతుంటే మనుషులు ఎన్ని రకాలో తెలిసేది. కిరాణా కొట్టాయన సంతకం పెట్టాడు గాని, అది ఎవరికీ చదవరాకుండా కోడి కెలికినట్టు గీశాడు. ఒక వకీలు గారు పొడి అక్షరాలు మాత్రమే వేస్తానన్నారు. ఇంకొకాయన చచ్చిపోయిన తండ్రి పేరుతో సంతకం పెట్టాడు, పోలీసులు వచ్చినా ఆయన్ని పట్టుకుపోలేరు కదా అని ధీమా. సారు ఆ కార్డుని చింపి, కొత్త కార్డు చేతిలో పెట్టి, "బతికున్నవాడివి నువ్వు పెట్టు నాయనా" అన్నారు. సిగ్గుపడి పెట్టాడు. చాలామంది మాత్రం, కందకు లేని దురద కత్తిపీటకెందుకు సారూ, మనకెందుకీ లొల్లి అనేవాళ్ళు. "అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, అడిగితేగా సర్కారు పలికేది" అని ఈయన సమాధానం. నేను సర్కారు నౌకరీ వాడిని కాబట్టి మా ఇంటి కార్డు మీ నాయనమ్మ పేరున పోయేది. ఆమె అక్షరాలు నా అక్షరాలకంటే గుండ్రంగా ఉండేవిలే.

ఆ కార్డులో ఏం రాసేవారో కూడా చెప్తా. తిట్టు ఒక్కటీ ఉండేది కాదు. పైన తేదీ. కింద ఖైదీ పేరు, జైలు పేరు. ఏ కోర్టూ శిక్ష వేయకుండా నిర్బంధించారు, విడుదల చేయవలసిందిగా కోరుతున్నాను అని రెండు వాక్యాలు. చివర పూర్తి పేరు, ఇంటి నంబరుతో సహా. ఇంటి నంబరెందుకు సారూ అని భయపడితే, "దాక్కుని అడిగితే అది ఆకాశరామన్న ఉత్తరం అవుతుంది" అనేవారు.

కార్డులు రాస్తే కవులు బయటికొస్తారా అని నువ్వు అడగబోతున్నావు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఆ ముగ్గురూ కొన్ని వారాలకు బయటికొచ్చారు. అది మా కార్డుల వల్లేనని నేననను. కానీ పోస్టాఫీసు వాడిగా నాకు తెలిసిన సంగతొకటుంది. సర్కారు ఆఫీసుకి వచ్చిన ప్రతి కాగితానికీ ఇన్వర్డు రిజిస్టరులో ఒక నంబరు పడాలి. తేదీ, పంపినవాడి పేరు, సంగతి ఒక్క ముక్కలో రాయాలి. ఒక కార్డొస్తే గుమాస్తా చూడకుండానే నంబరు వేస్తాడు. పది వస్తే విసుక్కుంటాడు. రోజూ ఒకే పేరుతో కట్టలు కట్టలుగా వస్తుంటే చెయ్యి నొప్పి పుట్టి సూపరింటెండెంటుకి చెప్తాడు. సూపరింటెండెంటు పైవాడికి చెప్తాడు. ఆ ఖైదీ పేరు అప్పటిదాకా దస్త్రంలో నంబరు, ఇప్పుడు ఆఫీసులో అందరి నోట్లో నానే పేరు. పేరు నలుగురి నోట్లో నానిన ఖైదీని కొట్టాలన్నా, మాయం చెయ్యాలన్నా చేతులు జంకుతాయి.

ఇది నా ఊహ కాదు. డొమినికన్ రిపబ్లిక్ అని ఒక చిన్న దేశం, సముద్రం మధ్యన. అక్కడ 1975లో జూలియో డి పేన్యా వాల్డెజ్ అనే కార్మిక నాయకుణ్ణి నేలమాళిగలో బట్టల్లేకుండా పడేశారు. మొదటి 200 ఉత్తరాలొచ్చాక కాపలావాళ్ళు బట్టలు తిరిగిచ్చారట. ఇంకో 200 వచ్చాక జైలు అధికారి స్వయంగా వచ్చి పలకరించాడట. ఆ తరువాతి కట్టకి అధికారి తన పైవాణ్ణి కలిశాడు. 3,000 దాటాక సంగతి దేశాధ్యక్షుడి దాకా పోయింది, ఆయనే జైలుకి ఫోను చేసి వదిలెయ్యమన్నాడు. ఇదంతా వాల్డెజ్ తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాలు రాయించింది ఆమ్నెస్టీ వాళ్ళు. పీటర్ బెనెన్సన్ అనే ఇంగ్లీషు లాయరు 1961 మే 28న లండన్ అబ్జర్వర్ పత్రికలో, అందరూ మర్చిపోయిన ఖైదీల గురించి వ్యాసం రాశాడు, దాని నుంచి పుట్టిందది. ఆ వ్యాసంలో పేరున్నవాళ్ళలో ఒకడు కవి, అంగోలా దేశపు అగస్టీనో నేటో. ఆ ఖైదీయే తర్వాత ఆ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆమ్నెస్టీ వాళ్ళలో మొదటినుంచీ ఒక పద్ధతుండేది. ఒక్కో గుంపు ముగ్గురు ఖైదీల్ని తీసుకోవాలి. ఒకడు పెట్టుబడిదారీ దేశంవాడు, ఒకడు కమ్యూనిస్టు దేశంవాడు, మూడోవాడు మనలాంటి మూడో ప్రపంచం వాడు. ఎవరికీ మనవాడు, పరాయివాడు అనే వీలు లేకుండా. ఈ మాట తెలుగు సారుకి చెప్తే ఎంత మురిసిపోయారో!

ఇంకా పాతవాళ్ళు పెన్ అనే రచయితల సంఘం వాళ్ళు. 1921లో లండన్‌లో పుట్టింది. జైళ్ళలో ఉన్న రచయితల కోసమే 1960లో వాళ్ళొక కమిటీ వేసుకున్నారు. సభలు జరిగినప్పుడు వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా వదిలేస్తారు, జైల్లో ఉన్న రచయిత పేరు దానికుంటుంది. ఏటా నవంబరు 15న ఆ రచయితల దినం కూడా జరుపుతారు. నైజీరియా రచయిత వోలే సోయింకాని 1967లో అంతర్యుద్ధం రోజుల్లో పట్టుకుని సుమారు రెండేళ్ళు, చాలాకాలం ఒంటరి గదిలో ఉంచారు. అప్పుడు పెన్ అధ్యక్షుడు అమెరికా నాటక రచయిత ఆర్థర్ మిల్లర్. ఆయన సంతకంతో ఉత్తరం వెళ్తే, నైజీరియా సైనిక పాలకుడు గోవన్, ఈ మిల్లరంటే మార్లిన్ మన్రోని పెళ్ళాడిన మిల్లరేనా అని అడిగాడని చెప్పుకుంటారు. అవునన్నాక మెత్తబడ్డాడట. పాలకుల మనసు ఎక్కడ కరుగుతుందో ఎవరు చెప్పగలరు బిడ్డా, సినిమా తార పేరు కూడా పనికొస్తుంది. ఆ సోయింకాకే 1986లో నోబెల్ వచ్చింది.

వీళ్ళందరికంటే నాకు బాగా ఇష్టమైన ముచ్చట టర్కీది. నాజిమ్ హిక్మెత్. మన తెలుగు కవులు సొంత మనిషిలా చూసుకున్న కవి. సైనిక బడి కుర్రాళ్ళు ఆయన పుస్తకాలు చదువుతున్నారన్నది 1938లో ఆయన మీద మోపిన నేరం. చదివింది వాళ్ళు, శిక్ష ఈయనకి, 28 ఏళ్ళు! 1949లో పారిస్‌లో ఆయన విడుదల కోసం కమిటీ ఏర్పడింది. పికాసో, సార్త్ర్, గాయకుడు పాల్ రాబ్సన్ గొంతు కలిపారు. 1950 ఏప్రిల్లో ఆయన జైల్లో నిరాహార దీక్షకు దిగాడు. తల్లి జెలీలే, ఒకప్పటి చిత్రకారిణి, అప్పటికి చూపు మందగించిన ముసలమ్మ, ఇస్తాంబుల్‌లో గలాటా వంతెన మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించింది. వంతెన మీద చేపలు పట్టేవాళ్ళు, ఓడ దిగినవాళ్ళు, బేరగాళ్ళు తిరుగుతుంటారు. వాళ్ళ మధ్య కన్ను ఆనని తల్లి కాగితం పట్టుకుని నిలబడింది.

ఇక్కడొకటి గమనించు. అదే సమయంలో ఓర్హాన్ వెలీ అనే కవి, మరో ఇద్దరు స్నేహితులు మూడు రోజులు అన్నం మానేశారు. వాళ్ళదీ హిక్మెత్‌దీ ఒక దారి కాదు. వాళ్ళు గరీప్ అని వేరే ఉద్యమం పెట్టుకుని, పెద్ద గొంతు లేకుండా చిన్న చిన్న మాటల్లో రాసేవాళ్ళు. అయినా కడుపు మాడ్చుకున్నారు. మా తెలుగు సారు లాంటి వాళ్ళు ఇస్తాంబుల్లో కూడా ఉన్నారన్నమాట. మే 14 ఎన్నికల్లో పాత ప్రభుత్వం పోయింది, కొత్తవాళ్ళు క్షమాభిక్ష చట్టం తెచ్చారు, జూలైలో హిక్మెత్ బయటికొచ్చాడు.

అసలు మన దగ్గర ఈ కథ ఎప్పుడు మొదలైందనుకున్నావు? 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసిన రాతకి తెల్లవాళ్ళు మూడేళ్ళు జైల్లో పెట్టారు. ఆయన తిరిగొచ్చాక ఇంట్లోకి రానివ్వడానికే జనం జంకారని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆయన ఎవర్నీ నిందించకుండా ఊరూరా గ్రంథాలయాలు పెట్టించుకుంటూ పోయారు. గరిమెళ్ళ సత్యనారాయణ గారిని ఒక పాటకి జైల్లో వేశారు. దొరకి తెలుగు రాకపోయినా ఆ పాట పాడించుకుని విని, ఇది జనాన్ని లేపుతుందని గ్రహించాడంటారు. ఇక మన నిజాం రాజ్యంలో దాశరథిని ఇందూరు జైల్లో పెడితే ఆయన బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాశాడు. జైలువాళ్ళు చెరిపేసేవాళ్ళు. పక్కనున్న వట్టికోట ఆళ్వారుస్వామి అంతకుముందే నోటికి పట్టేసేవాడు. ఈ ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మినవాడు. ఆయన గురించి చెప్పాలంటే ఇంకో రాత్రి కావాలి, ఇప్పుడొద్దు.

ఎమర్జెన్సీ కాలానికి వద్దాం. 1975 జూన్ 25 రాత్రి. తెల్లారేసరికి దేశమంతా అరెస్టులు. అప్పుడు గోడలకి చెవులుంటాయన్న సామెత అక్షరాలా నిజమైంది. కార్డు కొనడానికి వచ్చినవాడు కూడా అటూ ఇటూ చూసి కొనేవాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని ఊరంతా నోటికి తాళం వేసుకుంది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో అరెస్టయినవాడు తనని ఎందుకు పట్టుకున్నారని అడిగే హేబియస్ కార్పస్ పిటిషను వేసుకునే వీలు కూడా లేదంది. అయిదుగురు జడ్జీలలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. జైళ్ళలో ఆరెస్సెస్ వాళ్ళు, సోషలిస్టులు, నక్సలైట్లు, జమాతే వాళ్ళు ఒకే కప్పు కింద. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు లోపల ఒకే పప్పుచారు తిన్నారు. తెలుగు సారు కార్డులు ఇప్పుడు అన్ని పేర్లతోనూ పోయేవి. ఎడమవాడు, కుడివాడు అని చూడలేదు.

అప్పటికే ఇంకో పెద్ద కేసు నడుస్తోంది. 1974లో పెట్టిన సికింద్రాబాదు కుట్ర కేసు. నలభై మందికి పైగా నిందితులు, వాళ్ళలో ఆరుగురు రచయితలు: కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, ఎం. రంగనాథం. వాళ్ళ రాతలు జనాన్ని రెచ్చగొట్టాయన్నది ఆరోపణ. వకీలు కె.జి. కన్నబిరాన్ గారు ఏళ్ళ తరబడి వాదించారు. ఎంత లాగిందంటే, 1989లో గాని ఆ కేసు కొట్టేయలేదు. పదిహేనేళ్ళు! చెరబండరాజు ఆ తీర్పు వినలేదు. ఆయన కూడా బడిపంతులే, పాఠాలు చెప్పుకునే ఉద్యోగం ఊడగొట్టారు, మెదడులో కంతితో 1982లోనే పోయాడు. ఆ కబురు విన్నరోజు తెలుగు సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "యతిప్రాసలు నేర్పుదామనుకున్నాను, కుదర్లేదు" అన్నారు.

ఆ రోజుల్లో మా హనుమకొండకి కాళోజీ నారాయణరావు గారే పెద్ద దిక్కు. నిజాం కాలంలోనూ జైలు చూసినవాడు. ఎమర్జెన్సీ పోయాక వచ్చిన ఎన్నికల్లో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారి మీద సత్తుపల్లిలో పోటీకి నిలబడ్డారు. ఓడిపోతావు కాళన్నా అని అందరూ చెప్పారు. ఓడిపోయారు కూడా. గెలవడానికి నిలబడలేదాయన. ఎమర్జెన్సీ రోజుల్లో ఏం చేశారో జనం ముందు నిలదీసి అడగడానికి నిలబడ్డారు.

నిద్రొస్తోందా? ఇంకా ఒకటుంది, అది వినకుండా లేవనివ్వను. కెన్యాలో ఎంగూగీ వా థియోంగో అనే రచయిత. ఊళ్ళో రైతుల్నీ కూలీల్నీ కూడగట్టి వాళ్ళ గికుయు భాషలోనే నాటకం ఆడించాడు. ఇంగ్లీషులో ఎంత తిట్టినా ఊరుకున్న సర్కారు, కూలివాడికి అర్థమయ్యే భాషలోకి వచ్చేసరికి 1977 చివరి రోజుల్లో విచారణ లేకుండా కమీటీ జైల్లో పడేసింది. ఏడాది పాటు. లోపల ఆయన మరుగుదొడ్డి కాగితం మీద నవల రాశాడు. ఖైదీల్ని బాధపెట్టడానికి ఇచ్చిన గరుకు కాగితమది, ఆ గరుకు కలానికి బాగా పట్టిందని తనే చెప్పాడు. బయట ఆయన కోసం దేశదేశాల నుంచి ఉత్తరాలు వెళ్ళాయి. 1978 డిసెంబరు 12న వదిలారు. కొన్నేళ్ళకి, 1980ల్లో, ముషీరాబాదు జైల్లో ఉన్న మన వరవరరావు చేతికి ఆ నవల అందింది. ఈయన వరంగల్ సీకేఎం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినవాడే. దాన్ని లోపలే కూర్చుని మట్టికాళ్ళ మహారాక్షసి పేరుతో తెలుగు చేశాడు. ఒక ఖైదీ రాసింది ఇంకో ఖైదీ చేతిలో మన భాషలోకి వచ్చింది. వరవరరావు జైలు నుంచి రాసిన వ్యాసాలు సహచరులు అనే పుస్తకమయ్యాయి. అది ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు ముందుమాట రాసింది ఎంగూగీయే.

అన్నిసార్లూ ఫలించదు బిడ్డా. అది దాచిపెట్టి చెప్తే నేను అబద్ధాలకోరునవుతా. నైజీరియా రచయిత కెన్ సారో వివా, తన ఒగోనీ జనం భూముల్ని చమురు కంపెనీలు పాడు చేస్తున్నాయని పోరాడినవాడు. ఎందరు వేడుకున్నా, దేశాధినేతలు అడిగినా వినకుండా 1995 నవంబరు 10న ఇంకో ఎనిమిది మందితో కలిపి ఉరి తీశారు. మన అమలాపురం పిల్లవాడు జి.ఎన్. సాయిబాబా, ఢిల్లీలో ఇంగ్లీషు ప్రొఫెసరు, చక్రాల కుర్చీ మనిషి, 2014లో అరెస్టయ్యాడు. నాగపూరు జైల్లో కవితలు రాశాడు. తల్లి పోతే ఆఖరి చూపుకి పంపలేదు. భార్య, స్నేహితులు పదేళ్ళు ఎక్కని గడప లేదు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది. అక్టోబరులో హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూశాడు. ఆయనకి ఏడు నెలల గాలి దక్కింది. ఆ ఏడు నెలలు కూడా అడిగినవాళ్ళు ఉండబట్టే దక్కాయని నేననుకుంటాను.

వరవరరావుని 2018లో మళ్ళీ పట్టుకున్నారు కదా. 2020 జూలైలో జైల్లో ఉండగానే కరోనా సోకింది. దాదాపు ఎనభై ఏళ్ళ మనిషి. అప్పుడు నువ్వే కదా నాకు ఫోన్లో ఆ వినతిపత్రం చూపించి, వేలితో నొక్కితే చాలు తాతా అన్నావు. నొక్కాను. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆరోగ్యం చూసి ఆరు నెలలు బెయిలిచ్చింది, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పటికి నాలుగేళ్ళు గడిచినా కోర్టులో అభియోగాలే ఖరారు కాలేదు. వేలితో నొక్కడం తేలికే, మంచిదే. కానీ అది ఇన్వర్డు రిజిస్టరులో పడదు. ఏ గుమాస్తాకీ చెయ్యి నొప్పి పుట్టదు. అందుకని కార్డు కూడా రాయి. ఇప్పటికీ 50 పైసలే.

ఒక కార్డుకి ఒకే పేరు. నీ రాజకీయం రాయకు, వాళ్ళ రాజకీయం అసలే రాయకు. ఎప్పటినుంచి లోపల ఉన్నారో, ఏం కావాలో అదొక్కటే రాయి: విచారణో, బెయిలో, డాక్టరో, కళ్ళజోడో. మర్యాదగా రాయి, ఆ కార్డు ముందు చదివేది పైవాడు కాదు, జీతం రాళ్ళకి పనిచేసే నాలాంటి గుమాస్తా. జైల్లో ఉన్న మనిషికి రాసే ఉత్తరమైతే కేసు గురించి ఒక్క ముక్క ఉండకూడదు, సెన్సారు దగ్గరే ఆగిపోతుంది. వాన పడిందా, మామిడి పూత ఎలా ఉంది, మీ మేడ మీద పావురం గుడ్లు పెట్టిందా, అలాంటివి రాయి. లోపలున్నవాళ్ళకి అవే కావాలి. కింద నీ పూర్తి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు. జవాబు రాదు. నెల తర్వాత ఇంకోటి రాయి.